తీగ మింగిన రెండు వోల్టులు: ఒక చిర్ప్ కేసు

మోర్స్ పంపుతుంటే స్వరం వంకర తిరిగే (చిర్ప్) లోపంతో ఒకే హామ్ రేడియో కేసు రిపేరు కోసం నా ముందుకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి "ఇందులో లోపమేమీ కనిపించడం లేదు" అని రేడియోను తిప్పి పంపాను. ఆ మాట అబద్ధం కాదు. అయినా ఆ ఆపరేటర్ సిగ్నల్ మాత్రం బాగుపడలేదు. నేను రేడియోను పరీక్షించాను, ఆయనకు కావలసింది సిగ్నల్ పరీక్ష. ఈ తేడా నాకు అర్థమవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది.

నేపథ్యం

ఆపరేటర్ దశాబ్దాలుగా మోర్స్ మీదే ఉన్న మనిషి. మైకు ముట్టుకోవడం అరుదు. నిమిషానికి 25 పదాల వేగంతో గంటసేపు పంపినా అక్షరాల మధ్య ఎడం చెదరదు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. కాల్‌సైన్, రేడియో మోడల్, ఇతర ఆనవాళ్లు వదిలేశాను.

స్టేషన్ సాధారణమైనదే. 100 వాట్ల హెచ్ఎఫ్ ట్రాన్సీవర్ (షార్ట్‌వేవ్‌లో పంపడం, వినడం రెండూ చేసే రేడియో), పదిహేనేళ్లు దాటినది. 13.8 వోల్టుల స్విచింగ్ పవర్ సప్లై. 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు ఒక డైపోల్ (రెండు వైపులా తీగ చేతులున్న యాంటెన్నా), 14 మెగాహెర్ట్జ్‌కు వేరే యాంటెన్నా. పవర్ పెంచే లీనియర్ ఆంప్లిఫయర్ లేదు. కొన్నాళ్ల కిందట బల్ల సర్దుకుంటూ పవర్ సప్లైని బల్ల మీది నుంచి కిందికి దించారు. ఈ సంగతి నాకు రెండో విడతలో గానీ తెలియలేదు. నేను అడగలేదు, ఆయనకు చెప్పాలని తోచలేదు.

ఫిర్యాదు

మోర్స్ సిగ్నల్‌కు మూడంకెలతో ఇచ్చే ఆర్ఎస్‌టీ (స్పష్టత, బలం, స్వరం) రిపోర్టులో మూడో అంకె స్వరం నాణ్యతను చెబుతుంది, 1 నుంచి 9 వరకు. సిగ్నల్‌లో చిర్ప్ ఉంటే చివర 'సి' చేరుస్తారు, క్లిక్కులుంటే 'కె' చేరుస్తారు. ఈ రెండు అక్షరాలను ఈ రోజుల్లో చాలామంది వాడరు. ఎదుటివాడి స్వరం ఎలా ఉన్నా మర్యాదకు 599 (అన్నిటికీ పూర్తి మార్కులు) ఇచ్చి సాగిపోతారు. కాబట్టి ఎవరైనా పనిగట్టుకుని 'సి' పెట్టారంటే దాన్ని బంగారంలా దాచుకోవాలి. ఈయనకు నెల రోజుల్లో అలాంటివి ఆరు వచ్చాయి. ఒకరైతే, "మీ డా పిట్ట కూసినట్టు మొదలవుతోంది, ఓఎం" అని తేటగా పంపారు. (మోర్స్‌లో పొట్టి గుర్తు డిట్, పొడుగు గుర్తు డా. ఓఎం అన్నది తోటి హామ్‌ను ఆత్మీయంగా పిలిచే పిలుపు.)

చిర్ప్ అంటే అదే. కీ నొక్కిన క్షణంలో ఫ్రీక్వెన్సీ ఒకచోట మొదలై, కొన్ని మిల్లీసెకన్లలో జారి తన చోటుకు చేరుతుంది. వినేవాడికి నిలకడగా ఉండాల్సిన స్వరం మొదట్లోనే వంకర తిరిగినట్టు వినిపిస్తుంది.

కొన్ని వారాల తరువాత రెండో ఫిర్యాదు వచ్చింది. సమీపంలోని మరో ఆపరేటర్, ఈయన ఫ్రీక్వెన్సీకి 800 హెర్ట్జ్ పక్కన కూర్చున్నా టక్ టక్ మని క్లిక్కులు వినిపిస్తున్నాయని చెప్పారు. ఆపరేటర్ నాకు రెండూ ఒకే వాక్యంలో చెప్పారు: "టోన్ పాడైంది." నేనూ ఒకే జబ్బుగా విన్నాను. మొదటి తప్పు అక్కడే జరిగింది.

"నాకు మాత్రం అద్దంలా వినిపిస్తోంది" అని కూడా అన్నారాయన. ఆయనకు వినిపించేది సైడ్‌టోన్. అది రేడియో లోపలే తయారై హెడ్‌ఫోనుకు చేరే ఆడియో. యాంటెన్నా నుంచి బయటికి పోయే సిగ్నల్‌తో దానికి సంబంధం లేదు. ప్రసారం ఎంత మురికిగా ఉన్నా సైడ్‌టోన్ స్వచ్ఛంగానే ఉంటుంది. మోర్స్ ఆపరేటర్ తన గొంతు తాను ఎప్పుడూ వినడు. తన చేతిని మాత్రమే వింటాడు.

నా దగ్గరికి రాకముందు ఆయన చేసినవి

ప్యాడిల్ (మోర్స్ కీ) కాంటాక్టులు తుడిచారు, మార్పు లేదు. కీ మార్చారు, మార్పు లేదు. ఇది ఊహించదగినదే. కీ కాంటాక్టులు పాడైతే డిట్లు తెగుతాయి, గరగర వస్తుంది, ఒక డిట్ రెండవుతుంది. ఫ్రీక్వెన్సీ మాత్రం జారదు. కీ చేసే పని రేడియోకు "ఇప్పుడు పంపు" అని చెప్పడమే. ఎక్కడ పంపాలో అది చెప్పదు.

తరువాత పవర్ సప్లైని అనుమానించి మరొకటి తెచ్చి పెట్టారు. ఫలితం లేదు. దాంతో పవర్ వైపు అనుమానం పూర్తిగా కొట్టేశారు. నేనూ కొట్టేశాను. సప్లై మారింది గానీ, సప్లై నుంచి రేడియోకు వెళ్లే తీగ మారలేదన్న మాట ఇద్దరికీ తట్టలేదు.

ఇంకో రెండు పనులు కూడా చేశారు, వాటి గురించి నాకు చెప్పలేదు. 50 వాట్లకు తగ్గిస్తే చిర్ప్ పోతున్నట్టు స్నేహితుడొకరు చెప్పడంతో పవర్ తగ్గించి వాడటం మొదలుపెట్టారు. మెనూలో మోర్స్ ఎన్వలప్ రైజ్ టైమ్ (కీ నొక్కాక సిగ్నల్ పూర్తి బలానికి ఎక్కే సమయం) 1, 2, 4, 6 మిల్లీసెకన్లలో ఏదైనా పెట్టుకోవచ్చు. స్వరం మొదలు చురుగ్గా ఉంటే వంకర తెలియదేమోనని దాన్ని 4 నుంచి 1కి మార్చారు.

మొదటి విడత: నేను చేసిన వృథా పని

రేడియో ఒక్కటే నా దగ్గరికి వచ్చింది. దాని పవర్ కేబుల్ ఇంట్లోనే ఉంది. నా బల్ల మీద మీటరు పొడవున్న మందపాటి కేబుల్, దాని చివర లెక్కకు మించిన కరెంటు ఇవ్వగల సప్లై ఉన్నాయి. యాంటెన్నాకు బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (శక్తిని బయటికి పంపకుండా వేడిగా మార్చేది) పెట్టి, 100 వాట్ల మీద డిట్లు పంపి, వేరే రిసీవర్‌తో విన్నాను. స్వరం గీత గీసినట్టు ఉంది. గంటసేపు వేడెక్కించి మళ్లీ విన్నాను. అదే.

ఇక్కడ ఆగి, "నా దగ్గర రాని లోపం ఆయన దగ్గర ఎందుకు వస్తోంది? రెండు చోట్లకీ మధ్య మారినదేమిటి?" అని అడగాల్సింది. అడగలేదు. పాత రేడియో, ఏదో ఒకటి చెయ్యాలి కదా అన్న ఆరాటంలో వీసీఓ (ఫ్రీక్వెన్సీని పుట్టించే ఆసిలేటర్) డబ్బా దగ్గర అతుకులు మళ్లీ సోల్డర్ చేశాను. రెగ్యులేటర్ లైన్‌లో మూడు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చాను. తీసినవాటిని తరువాత కొలిస్తే మూడూ నిక్షేపంలా ఉన్నాయి. కొలిచాక మార్చాలి, నేను మార్చాక కొలిచాను.

ఆ కెపాసిటర్ల వెనుక ఒక వాదన ఉంది. ఆపరేటర్ లాగ్ పుస్తకం చూశాను. 'సి' రిపోర్టులన్నీ కూర్చున్న అరగంట తరువాతే వచ్చాయి. మొదటి పది నిమిషాల్లో ఒక్కటీ లేదు. అంటే వేడితో సంబంధం ఉంది. వేడి అనగానే నా బుద్ధి ఆసిలేటర్ వైపు పోయింది. ఆసిలేటర్ వేడెక్కితే ఫ్రీక్వెన్సీ కదులుతుంది నిజమే, కానీ అది నిమిషాల మీద జరిగే కదలిక. ఒక్క డా లోపల, 25 మిల్లీసెకన్లలో జారి సర్దుకునే కదలిక వేరు. అరగంటకు మొదలయ్యే జబ్బులో, డా మొదట్లోనే వచ్చిపోయే లక్షణం. ఈ రెండు గడియారాలనూ ఒకటిగా కలిపేశాను. వేడెక్కుతున్నది ఫ్రీక్వెన్సీని తయారు చేసే భాగం కానక్కరలేదు, దానికి తిండి పెట్టే దారిలో ఏదైనా కావచ్చు. అప్పుడు అంత దూరం ఆలోచించలేదు.

రేడియో తిరిగి వెళ్లింది. రెండు వారాలు ఫిర్యాదు లేదు. కెపాసిటర్లే కారణమని సంబరపడ్డాను. అసలు సంగతి, ఆ రెండు వారాలూ ఆయన 50 వాట్ల మీదే పంపారు. ధైర్యం వచ్చి మళ్లీ 100కు పెంచిన సాయంత్రం, గంట తిరక్కముందే 579 సి వచ్చింది.

రెండో విడత: స్టేషన్ దగ్గర

ఈసారి రేడియోను కదిలించవద్దని చెప్పి నేనే వెళ్లాను. ఒక చిన్న రిసీవర్, డమ్మీ లోడ్, ఆసిలోస్కోప్, మల్టీమీటరు, క్లాంప్ అమ్మీటరు పట్టుకెళ్లాను.

ముందు నేను వినేది నమ్మదగినదా కాదా తేల్చుకోవాలి. పక్కనే ఉన్న 100 వాట్ల సిగ్నల్ ఏ రిసీవర్‌నైనా ముంచెత్తుతుంది. మునిగిన రిసీవర్ తనలోనే క్లిక్కులు పుట్టిస్తుంది. అందుకని రిసీవర్ యాంటెన్నా తీసేసి, అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) పెట్టి, ఏజీసీ (స్థాయిని దానంతటదే సర్దేది), నాయిస్ బ్లాంకర్ (చిటపటలను కోసేసేది) ఆపేసి, సిగ్నల్ సాధారణ స్థాయిలో వినిపించేదాకా తగ్గించాను. ఆడియోను రికార్డు చేసి కంప్యూటర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (క్షణక్షణం ఫ్రీక్వెన్సీ ఎక్కడుందో చూపే పటం) చూశాను. చెవి "ఏదో తేడా" అని చెప్పి ఊరుకుంటుంది, తెర ఎన్ని హెర్ట్జో చెబుతుంది.

100 వాట్లు, డైపోల్ మీద, ఇరవై నిమిషాలు పంపాక: ప్రతి డా 60 హెర్ట్జ్ కింద మొదలై సుమారు 25 మిల్లీసెకన్లలో తన చోటుకు ఎక్కుతోంది. 25 పదాల వేగంలో ఒక డిట్ 48 మిల్లీసెకన్లు. అంటే డిట్‌లో సగం వంకరే. 10 వాట్లకు తగ్గిస్తే వంకర లేదు.

పవర్ పెంచితే రెండు విషయాలు కలిసి పెరుగుతాయి: సప్లై నుంచి లాగే కరెంటు, యాంటెన్నా నుంచి తిరిగి గదిలోకి వచ్చే ఆర్ఎఫ్ (రేడియో తరంగ శక్తి). చిర్ప్‌కు ఏది కారణమో విడదీయాలంటే ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని తీసేయాలి. డమ్మీ లోడ్ ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. కరెంటు అంతే ఉంటుంది, గదిలో ఆర్ఎఫ్ ఉండదు. చిర్ప్ పూర్తిగా పోతే ఆర్ఎఫ్, అలాగే ఉంటే కరెంటు అనుకుని డమ్మీ లోడ్ తగిలించాను.

రెండూ కాలేదు. 60 హెర్ట్జ్ కాస్తా 35 అయింది.

కాసేపు తోచలేదు. రెండింట్లో ఒకటి అనుకుని వేసిన ప్రశ్నకు "రెండూ" అన్న జవాబు వచ్చిందని ఒప్పుకోవడానికి కొంత సమయం కావాలి. ముందు డమ్మీ లోడ్ మీద మిగిలిన 35 హెర్ట్జ్ సంగతి చూద్దామని నిశ్చయించుకున్నాను. అక్కడ యాంటెన్నా లేదు కాబట్టి చరరాశి ఒకటి తక్కువ. రెండు జబ్బులున్నప్పుడు తక్కువ సామగ్రితో కనిపించేదానికే ముందు మందు వెయ్యాలి. లేకపోతే దేనికి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

వోల్టేజి ఎక్కడ పోయింది

రేడియో తెర మీద సప్లై వోల్టేజి 13.6 చూపిస్తోంది. ఆపరేటర్ రోజూ చూసేది అదే. కానీ అది రిసీవ్‌లో ఉన్నప్పటి అంకె, అప్పుడు రేడియో లాగేది 1.5 ఆంపియర్లు. కీ నొక్కి పట్టుకుంటే క్లాంప్ అమ్మీటరు 20 ఆంపియర్లు చూపింది. అప్పుడు సప్లై టెర్మినళ్ల దగ్గర 13.7 వోల్టులు, సప్లైకి ఏ దోషమూ లేదు. రేడియో వెనక ప్లగ్ దగ్గర 11.6.

2.1 వోల్టులు దారిలో మాయమయ్యాయి. 20 ఆంపియర్లతో హెచ్చిస్తే 42 వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్ వేడి చేసేంత శక్తి బల్ల కింద తీగలో ఖర్చవుతోంది.

ఎక్కడెక్కడ పోతోందో వెతకడానికి నేను వాడే పద్ధతి ఇది. కీ నొక్కి ఉంచి, మల్టీమీటరు రెండు ముళ్లనూ ఒక్కొక్క అతుకుకు అటూ ఇటూ పెట్టడం. బాగున్న అతుకు దగ్గర మిల్లీవోల్టుల్లోనే ఉంటుంది. ఓమ్ మీటరుతో ఇది తేలదు, 35 మిల్లీఓమ్‌లను మామూలు మల్టీమీటరు సున్నాగానే చూపిస్తుంది. నిజమైన కరెంటు ప్రవహించినప్పుడే ఆ అతుకు తన బండారం బయట పెడుతుంది.

ప్లస్ తీగ ఫ్యూజ్ హోల్డర్ దగ్గర 0.7 వోల్టులు. మైనస్ తీగ హోల్డర్ దగ్గర 0.5. తీగ పొడవునా 0.6. ప్లగ్గు, క్రింపులు కలిపి 0.3. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఎవరి వాటా వారు తిన్నారు. సప్లైని బల్ల కిందికి దించినప్పుడు కేబుల్ చాలక, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో పొడిగించారు. ఆ మందం రాగి తీగ మీటరుకు దాదాపు 7 మిల్లీఓమ్‌లు ఉంటుంది. పోవడానికి రెండు మీటర్లు, రావడానికి రెండు మీటర్లు లెక్కేసుకుంటే 28 మిల్లీఓమ్‌లు, 20 ఆంపియర్ల దగ్గర అర వోల్టు పైమాటే. ఎవరికీ తెలియకుండా పోయిన అర వోల్టు అది.

ప్లస్ హోల్డర్‌ను ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. 0.7 వోల్టులు, 20 ఆంపియర్లు: వేలెడంత ప్లాస్టిక్ డబ్బాలో 14 వాట్లు. విప్పి చూస్తే లోపలి స్ప్రింగ్ పట్టు కోల్పోయి వదులైంది. పత్తీ నీలంగా మారింది, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. లాగ్‌లో అరగంట తరువాతే 'సి' రిపోర్టులు ఎందుకు వచ్చాయో అప్పుడు అర్థమైంది. మేం ఆ రోజు మొదలుపెట్టినప్పుడు కీ నొక్కితే ప్లగ్ దగ్గర 12.2 వోల్టులుండేవి. హోల్డర్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి అవే 11.6కు దిగాయి. నేను వేడి కోసం వెతికింది సరే, వెతికిన చోటే తప్పు.

11.6 వోల్టులతో రేడియో ఎందుకు కూయాలి? మల్టీమీటరు చూపేది సగటు. అదే చోట ఆసిలోస్కోప్ పెడితే, కీ నొక్కిన తొలి క్షణంలో వోల్టేజి 11 దాకా గుంట పడి, తరువాత పైకి లేస్తోంది. లోపలి స్విచ్చు, కనెక్టర్లు ఇంకొంచెం తింటాయి. ఆ తరువాత ఆసిలేటర్ విభాగానికి తిండి పెట్టే 9 వోల్టుల మూడు కాళ్ల రెగ్యులేటర్ ఉంది. ఆ రకానికి ఔట్‌పుట్ కంటే ఇన్‌పుట్ సుమారు 2 వోల్టులు ఎక్కువ ఉంటేనే పట్టు ఉంటుంది, అంటే కనీసం 11. ఆ గుంట పడిన కాసేపూ రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, వీసీఓ జారుతుంది, పీఎల్ఎల్ (ఫ్రీక్వెన్సీని తన చోట నిలిపే వలయం) దాన్ని పట్టి వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే మనకు వినిపించే కూత. 50 వాట్ల దగ్గర కరెంటు 14 ఆంపియర్లకు తగ్గింది, ప్లగ్ దగ్గర 12.3 నిలిచింది, కూత పోయింది.

చెప్పడం మరిచాను. ఆపరేటర్ వాట్‌మీటరు కొన్ని నెలలుగా 100కు బదులు 85 చూపిస్తోంది. "ఫైనల్స్ ముసలివయ్యాయి" అనుకున్నారట. ఫైనల్స్‌కు (పవర్ ఇచ్చే చివరి దశ ట్రాన్సిస్టర్లకు) వయసు మీద పడలేదు, తిండి చాలలేదు అంతే.

6 చదరపు మిల్లీమీటర్ల తీగ, పోను రాను కలిపి రెండున్నర మీటర్లకు మించకుండా, కొత్త ఫ్యూజ్ హోల్డర్లు, సరైన పనిముట్టుతో క్రింపు. సప్లై మళ్లీ బల్ల మీదికి ఎక్కింది. ఫ్యూజును మాత్రం తీసేయలేదు. నిరోధం తగ్గుతుందని ఫ్యూజులు తీసేసినవారిని చూశాను. అది ఇంటికి నిప్పు పెట్టుకునే దారి. ఇప్పుడు కీ నొక్కితే ప్లగ్ దగ్గర 13.4. డమ్మీ లోడ్ మీద చిర్ప్ మచ్చుకైనా లేదు.

మిగిలిన సగం

డైపోల్ తగిలిస్తే ఇంకా 20 హెర్ట్జ్ వంకర ఉంది. 14 మెగాహెర్ట్జ్ యాంటెన్నా మీద లేదు. ఆపరేటర్ డా పట్టుకుని ఉండగా నేను రేడియో డబ్బా మీద అరచెయ్యి వేశాను, స్వరం కొంచెం కదిలింది. చెయ్యి తీశాను, వెనక్కి వెళ్లింది. ఇంత చవకైన పరీక్ష మరొకటి లేదు. మనిషి చెయ్యి తగిలితే స్వరం మారిందంటే రేడియో పైతొడుగు మీద ఆర్ఎఫ్ తిరుగుతోందన్నమాట.

డైపోల్‌కు బాలన్ (కేబుల్ పైతొడుగు మీదికి కరెంటు పోకుండా ఆపేది) లేదు. కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) డైపోల్‌ను కలిసే ఫీడ్ పాయింట్ నుంచి నిట్టనిలువుగా దిగకుండా, డైపోల్ ఒక చేతి పక్కనే సమాంతరంగా చాలా దూరం వచ్చి గదిలోకి దిగింది. అలాంటప్పుడు కోయాక్స్ పైతొడుగు కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది. దాని చివర కూర్చున్నది రేడియో.

మొదట తొందరపడ్డాను. సంచిలో ఉన్న క్లిప్ ఫెర్రైట్లు (తీగ మీది ఆర్ఎఫ్‌ను అడ్డుకునే పూసలు) నాలుగు తీసి కీ తీగకూ, పవర్ తీగకూ, కోయాక్స్‌కూ తగిలించాను. 20 హెర్ట్జ్ 16 అయిందేమో. తీగ ఒక్కసారి దూరిన ఫెర్రైట్ పూస 7 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని పదుల ఓమ్‌లు మాత్రమే అడ్డుపెడుతుంది. ఇక్కడ కావలసింది వేల ఓమ్‌లు. అదే ఫెర్రైట్ చుట్టూ తీగను ఎన్నిసార్లు తిప్పితే అడ్డు ఆ సంఖ్య వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. రెండు చుట్లకు నాలుగు రెట్లు, పది చుట్లకు సుమారు వంద రెట్లు. అందుకని ఎఫ్‌టీ240-31 ఫెర్రైట్ రింగు ఒకటి తీసుకుని, దాని మీద సన్నని కోయాక్స్ 12 చుట్లు చుట్టి, ఫీడ్ పాయింట్ దగ్గరే పెట్టాం. కోయాక్స్‌ను డైపోల్‌కు లంబంగా దింపాం. చిర్ప్ పూర్తిగా పోయింది, చెయ్యి వేసినా స్వరం కదల్లేదు. క్లిప్ ఫెర్రైట్లు విప్పి సంచిలో వేసుకున్నాను. విప్పాక కూడా మార్పు లేదని చూసుకున్నాకే.

క్లిక్కులు ఎవరివి?

ఇక పక్క ఆపరేటర్ చెప్పిన క్లిక్కులు మిగిలాయి. చిర్ప్ పోతే ఇవీ పోతాయనుకున్నాను. పోలేదు.

దగ్గరి స్టేషన్ నుంచి వచ్చిన క్లిక్కు ఫిర్యాదును నేను ముందే నమ్మను. ఆ రిసీవర్ మునిగిపోతోందేమో, నాయిస్ బ్లాంకర్ వేసి ఉందేమో. దీనికి తిరుగులేని పరీక్ష ఉంది. వినేవారు తమ రిసీవర్ ముందు 20 డెసిబెల్ అటెన్యుయేటర్ వెయ్యాలి. క్లిక్కులు నిజంగా గాలిలో వస్తుంటే సిగ్నల్‌తో పాటు అవీ 20 డెసిబెల్లే తగ్గుతాయి. రిసీవర్‌లో పుట్టినవైతే అంతకంటే చాలా ఎక్కువ తగ్గుతాయి, లేదా మాయమవుతాయి. పక్క ఆపరేటర్ దగ్గర వాటర్‌ఫాల్ (సిగ్నళ్లను తెర మీద చూపే పటం) ఉన్న సాఫ్ట్‌వేర్ రిసీవర్ ఉంది. ఫోనులో చెబుతుంటే ఓపిగ్గా బ్లాంకర్ ఆపి, అటెన్యుయేటర్ వేసి చూశారు. రెండూ సమానంగా తగ్గాయి. తప్పు మాదే.

డమ్మీ లోడ్ మీద ఆసిలోస్కోప్ పెట్టాను, పది రెట్లు తగ్గించే ప్రోబ్‌తో. రేడియో అప్పటికి ఆపరేటర్ అలవాటు ప్రకారం 50 వాట్ల మీద ఉంది. 50 ఓమ్‌ల మీద 50 వాట్లంటే శిఖరం 71 వోల్టులు ఉండాలి. కాసేపు ఆగి పంపిన మొదటి డిట్ అంచు దగ్గర 95 వోల్టుల కొమ్ము లేచి, 3 మిల్లీసెకన్లలో కిందికి దిగి 71 దగ్గర సర్దుకుంది. 95 అంటే 90 వాట్లు. ఆ తరువాతి డిట్లలో కొమ్ము చిన్నది. డిట్ మొదలు నిటారుగా గోడలా ఉంది.

"ఈ మెనూ ఎవరు మార్చారు?" అని అడిగినప్పుడు 1 మిల్లీసెకన్ సంగతి, 50 వాట్ల సంగతి బయటికొచ్చాయి. ఆయన మొహమాటపడ్డారు. నిజానికి మొహమాటపడాల్సింది నేను. ఏవేం మార్చారని మొదటి రోజే అడిగి ఉంటే సరిపోయేది.

గోరుచుట్టు మీద రోకటి పోటు ఇలా పడింది. ఈ రేడియోలో పవర్ తగ్గించడమంటే ఏఎల్‌సీ అనే నియంత్రణ వలయం బయటికి పోయే శక్తిని కొలిచి వెనక్కి నొక్కడం. నొక్కడానికి ముందు అది కొలవాలి, కొలవడానికి కాస్త సమయం కావాలి. 6 మిల్లీసెకన్లలో మెల్లగా లేచే అంచును అది పట్టుకోగలదు. 1 మిల్లీసెకన్‌లో లేచే అంచు దాని కళ్లు గప్పి పైకి దూకుతుంది. పూర్తి 100 వాట్ల మీదైతే దానికి నొక్కాల్సిన పని పెద్దగా ఉండదు. చిర్ప్ కోసం పవర్ తగ్గించారు, అది ఏఎల్‌సీకి పని పెంచింది. చిర్ప్ కప్పిపుచ్చాలని అంచును నిటారు చేశారు, అది ఏఎల్‌సీ చెయ్యి దాటిపోయింది. రెండో ఫిర్యాదు మొదటి ఫిర్యాదుకు వేసుకున్న మందుల నుంచే పుట్టింది.

కొమ్ము లేకపోయినా 1 మిల్లీసెకన్ అంచు మంచిది కాదు. అంతర్జాతీయ రేడియో నియమావళి లెక్క ప్రకారం నిమిషానికి 25 పదాల మోర్స్‌కు అవసరమైన వెడల్పు 100 హెర్ట్జ్. అంచు ఎంత నిటారైతే శక్తి అంత దూరం చిమ్ముతుంది. 800 హెర్ట్జ్ అవతల కూర్చున్నవాడికి ఈ సంభాషణతో పనేలేదు, అయినా టక్కులు వినక తప్పడం లేదు.

6 మిల్లీసెకన్లు, 100 వాట్లు పెట్టాం. కొమ్ము మాయమైంది, అంచు గుండ్రంగా లేచింది. పక్క ఆపరేటర్ ఫోనులోనే, "ఇప్పుడు మీరు పంపుతున్నారా, ఆపారా?" అని అడిగారు.

అంతటితో అయిపోలేదు. రెండు రోజుల తరువాత మా ఆపరేటర్ ఫోన్ చేసి, 6 మిల్లీసెకన్లతో వేగంగా పంపితే స్వరం మెత్తబడినట్టు ఉందని ఎవరో అన్నారని చెప్పారు. 30 పదాల వేగంలో డిట్ 40 మిల్లీసెకన్లు. అందులో ఎక్కడం, దిగడం కలిపి 12 పోతే ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. చివరికి 4 దగ్గర రాజీపడ్డాం. అది రేడియో ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి సెట్టింగే. 4 మీద పక్క స్టేషన్‌లో మళ్లీ చూడమన్నాను. 500 హెర్ట్జ్ దూరంలో ఏమీ లేదన్నారు.

ఈ కేసు తరువాత నేను మార్చుకున్నవి

రేడియో పంపేవారిని దాని పవర్ కేబుల్ కూడా పంపమంటున్నాను, ఫ్యూజ్ హోల్డర్లతో సహా, ఎంత పాతదైనా. బల్ల మీద అన్నీ బాగా పనిచేస్తే "లోపం లేదు" అని రాయడం మానేశాను. "నా కేబుల్, నా సప్లై, డమ్మీ లోడ్‌తో లోపం రాలేదు" అని రాస్తున్నాను. పొడవైన వాక్యమే గానీ, చదివినవాడికి తరువాత ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

వోల్టేజి ఎంత అని అడగడం మానేశాను. కీ నొక్కినప్పుడు ఎంత, ఎక్కడ ముల్లు పెట్టి చూశారు అని అడుగుతున్నాను. కీ వదిలేసి కొలిస్తే ఈ స్టేషన్‌లో ఏ లోపమూ కనిపించేది కాదు. తీగ దారి మొత్తం 105 మిల్లీఓమ్‌లు (2.1 వోల్టులను 20 ఆంపియర్లతో భాగిస్తే), దాని మీద ఒకటిన్నర ఆంపియర్ తినేది 0.16 వోల్టు మాత్రమే.

అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ ఇబ్బంది మొదలయ్యాక మీరు ఏమేం మార్చారు, ఏ వరుసలో? చాలామంది తాము చేసినదాన్ని తప్పు ఒప్పుకోలులా భావించి దాచుకుంటారు. అందుకే గొంతు మార్చి, "నేనైతే ఈపాటికి మెనూలో నాలుగు మార్చేసి ఉండేవాణ్ని, మీరేం మార్చారు?" అని అడుగుతాను. అప్పుడు చెబుతారు.

పాత ప్లస్ హోల్డర్ నా బల్ల సొరుగులోనే ఉంది. 21 మెగాహెర్ట్జ్, ఆపై బ్యాండ్లలో ఆ స్టేషన్‌ను ఇంకా పరీక్షించలేదు. ఆయనకు అక్కడ యాంటెన్నా లేదు. కట్టిన రోజు ముందు డబ్బా మీద చెయ్యి వేసి చూడమని చెప్పి వచ్చాను.